సీసపు గుండూ, తెల్ల జింకా

"మామయ్యా, మీ ఒమాన్‌లో వేటాడతారా?" అని ఫోనులో అడిగాడు మా మేనల్లుడు.

వాడు ఉండేది టెక్సస్‌లో. సాఫ్ట్‌వేరు ఉద్యోగం. ఆఫీసులో తోటివాళ్ళతో కలిసి మూడేళ్ళుగా నవంబరు రాగానే జింకల వేటకి వెళుతున్నాడు. అక్కడ అది చట్టం ఒప్పుకున్న వ్యవహారమే. లైసెన్సు ఉంటుంది, ఫలానా నెలల్లోనే అన్న కట్టుబాటు ఉంటుంది, ఎన్ని కొట్టవచ్చో లెక్క ఉంటుంది. అంతవరకూ నాకూ తెలుసు. ఆరోజు వాడు చెప్పిన కొత్త సంగతి ఏమిటంటే, ఈమధ్య తుపాకిగుండ్లు కూడా సొంతంగా గరాజులో పోసుకుంటున్నాట్ట. "కొన్నవాటికంటే చవక మామయ్యా. పైగా మన చేత్తో చేసుకున్నదన్న తృప్తి వేరు" అన్నాడు. వెనకనుంచి వాడి రెండేళ్ళ కూతురు 'నాన్నా, నాన్నా' అంటూ వాడి కాళ్ళకి చుట్టుకుంటున్న సందడి వినిపిస్తూనే ఉంది.

నాకు తుపాకుల గురించి తెలిసింది శూన్యం. చిన్నప్పుడు మా ఊళ్ళో నేను దగ్గరగా చూసిన ఏకైక తుపాకి పిట్టలదొర భుజాన ఉండే కర్రతుపాకి. అయితే ఒమాన్‌లో ఇరవై ఏళ్ళకు పైగా ఉన్నవాణ్ణి కాబట్టి, అడిగినవాడు మేనల్లుడు కాబట్టి, "కనుక్కుని చెప్తాలే" అన్నాను. అలా కనుక్కున్న సంగతులే ఈ వ్యాసం. మొదలుపెట్టింది తుపాకిగుండుతో అయినా ఇది చివరికి ఒక జింక దగ్గరకీ, ఒక పసిపిల్ల దగ్గరకీ చేరింది. కాస్త ఓపిక పట్టండి.

రసాస్, రసాసా

తెలుగువాడికి సీసం అనగానే ముందు పద్యం గుర్తొస్తుంది. ఇక్కడ చెప్పబోయేది లోహం సంగతి. అరబ్బీలో ఈ లోహాన్ని 'రసాస్' అంటారు. తుపాకిగుండుని 'రసాసా' అంటారు. అంటే 'ఒక సీసపు ముక్క' అని. మనవాళ్ళు ఆకారం చూసి గుండు అని పేరు పెడితే, వీళ్ళు దాన్ని చేసిన పదార్థం చూసి పేరు పెట్టారు. ఇప్పుడు పూర్తిగా రాగితో చేసిన గుండుని కూడా అరబ్బీలో రసాసా అనే అంటారు. ఒకప్పుడు గుండుకీ సీసానికీ ఉన్న బంధం అంత గట్టిది.

ఇన్ని లోహాలుండగా సీసమే ఎందుకు? ముఖ్యంగా మూడు కారణాలు.

మొదటిది, సీసం 327 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది. రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి, ఇనుముకి 1538. అంటే ఇనుప గుండు పోయాలంటే కొలిమీ కార్ఖానా కావాలి. సీసపు గుండుకి మూడు రాళ్ళ పొయ్యి, ఒక ఇనుప గరిటె చాలు. ఎడారిలో గుడారం ముందు కూర్చున్న మనిషి కూడా చేసుకోగలడు.

రెండవది బరువు. సీసం నీటికంటే పదకొండు రెట్లకు పైగా బరువు. ఇనుము ఎనిమిది రెట్లు కూడా ఉండదు. కాగితపు ఉండనీ, అంతే పరిమాణం ఉన్న గులకరాయినీ ఒకే ఊపుతో విసిరితే ఏది దూరం పోతుందో మనకి తెలుసు. చిన్న ఆకారంలో ఎక్కువ బరువు ఇమిడితే గాలి దాన్ని త్వరగా ఆపలేదు.

మూడవది మెత్తదనం. గోటితో గీస్తే గీత పడేంత మెత్తన. గొట్టంలో కాస్త బిగుతుగా ఉన్నా సర్దుకుపోతుంది. తగిలినచోట పుట్టగొడుగులా విచ్చుకుని గాయాన్ని పెద్దది చేస్తుంది. వేటగాడికి కావలసింది అదే. గాయపడి పారిపోయే జంతువు అతనికీ నష్టమే, జంతువుకీ నరకమే.

ఈ మూడు సుగుణాలే సీసాన్ని ఇంటింటి పరిశ్రమగా మార్చాయి. దీని నాలుగవ గుణం గురించి చివర్లో చెప్తాను.

ఒత్తి తుపాకి

మస్కట్ నుంచి గంటన్నర ప్రయాణం చేస్తే నిజ్వా వస్తుంది. శుక్రవారం పొద్దున్నే అక్కడ మేకల సంత జరుగుతుంది. ఒమాన్‌లో ఉన్న మన కుటుంబాలన్నీ ఒక్కసారైనా పిల్లలకి చూపించడానికి వెళ్ళి ఉంటాయి. అక్కడి బజారులో వెండి పిడి ఉన్న ఖంజర్లూ, పాత తుపాకులూ అమ్మే దుకాణాలున్నాయి. ఈసారి నేను పనిగట్టుకుని అలాంటి ఒక దుకాణంలో కూర్చున్నాను. అరబ్బులు మనబోటి పరాయిదేశం వాళ్ళని ఆప్యాయంగా 'సదీక్' అంటారు, స్నేహితుడా అని. ఆ దుకాణం ముసలాయన కూడా అలాగే పిలిచి, కహ్వా పోసి, మనం మాట్లాడేదానికంటే మంచి హిందీలో కబుర్లు చెప్పాడు.

గోడకి ఒక పొడుగాటి తుపాకి వేలాడుతోంది. దాన్ని ఒమానీలు 'అబూ ఫతీలా' అంటారు. ఫతీలా అంటే ఒత్తి. 'ఒత్తిగలవాడు' అని అర్థం చెప్పుకోవచ్చు. దీనికి తూటా అనే వస్తువు ఉండదు. మూతి దగ్గరనుంచి కొలిచిన మందు పోయాలి. తరువాత గుండు జారవిడవాలి. పొడవాటి చువ్వతో దట్టించాలి. పక్కనున్న చిన్న గిన్నెలో చిటికెడు మందు వేయాలి. ఒత్తి రాజుకుని ఉందో లేదో చూసుకోవాలి. మీట నొక్కితే ఒత్తి వంగి ఆ చిటికెడు మందుని ముట్టిస్తుంది. అప్పుడు పేలుతుంది, అదీ మందు తడిసి ఉండకపోతే. గురి తప్పితే మళ్ళీ మొదటినుంచీ. ఈలోగా జంతువు కొండ దాటేస్తుంది. గొట్టం లోపల నున్నగా ఉంటుంది కాబట్టి వంద గజాలు దాటితే గురి దేవుడి దయే. అంటే, ఈ తుపాకితో వేటాడేవాడు గాలివాటం చూసుకుంటూ గంటలకొద్దీ పాకి, జంతువు దగ్గరకు చేరాలి.

"మరి గుండు?" అన్నాను. ఆయన బల్ల సొరుగు లాగి పట్టకారులాంటి వస్తువు ఒకటి తీసి నా చేతిలో పెట్టాడు. రెండు దవడలు. ఒక్కొక్క దవడలో అరగోళం ఆకారంలో గుంట. మూస్తే పూర్తి గోళం. పైన సీసం పోయడానికి చిన్న కన్నం. అచ్చం మన ఇళ్ళలో కజ్జికాయలు ఒత్తే చెక్కలాగే ఉంది.

"తుపాకి ఎవరిదో అచ్చూ వాళ్ళదే సదీక్. పక్కవాడి గుండు నీ తుపాకికి సరిపోదు" అన్నాడాయన.

అప్పటి తుపాకులు ఒక్కొక్కటీ చేత్తో చేసినవి. ఏ రెండు గొట్టాలూ ఒకేలా ఉండేవి కావు. కాబట్టి గుండ్లు బజారులో కొనుక్కునే వస్తువు కాదు, ఎవరి ఇంట్లో వాళ్ళు పోసుకునేవి. పదిహేను గుండ్లు పోసుకుని బయలుదేరినవాడికి పదిహేను అవకాశాలే. తిరిగొచ్చాక చంపిన జంతువు ఒంట్లోంచి సీసం వెతికి తీసి, మళ్ళీ కరిగించి వాడుకునేవాళ్ళు.

పౌనుకి ఎన్ని?

ఇంటి గుండు కాలం వెళ్ళిపోయినా దాని గుర్తు తుపాకుల కొలతల్లో ఈనాటికీ మిగిలే ఉంది. 'పన్నెండు బోరు తుపాకి' అన్నమాట మీరు వినే ఉంటారు. ఈ పన్నెండు అంగుళాలూ కాదు, మిల్లీమీటర్లూ కాదు. ఒక పౌను సీసంతో సరిసమానంగా పన్నెండు గుండ్లు పోస్తే, ఆ ఒక్కొక్క గుండు ఏ గొట్టంలో సరిగ్గా పడుతుందో అది పన్నెండు బోరు. అందుకే ఇక్కడ అంకె తగ్గినకొద్దీ గొట్టం పెద్దదవుతుంది.

లెక్క చూద్దాం. పౌను అంటే 453.6 గ్రాములు. పన్నెండుతో భాగిస్తే దాదాపు 38 గ్రాములు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి తులాల్లో చెబితే తొందరగా అర్థమవుతుంది. పాత లెక్క ప్రకారం తులం 11.66 గ్రాములు, కాబట్టి ఇది మూడు తులాల పైమాట. పంతొమ్మిదో శతాబ్దంలో ఏనుగుల వేటకి నాలుగు బోరు తుపాకులు కూడా వాడారు. అంటే పౌనుకి నాలుగే గుండ్లు! ఒక్కొక్కటి 113 గ్రాములు, దగ్గర దగ్గర పది తులాలు. పేలినప్పుడు అవతల ఏనుగు సంగతి ఎలా ఉన్నా ఇవతల భుజం సంగతి ఆలోచించండి.

అంత పెద్ద గుండు ఎందుకంటే, నల్లమందు గుండుకి ఒక హద్దు దాటి వేగం ఇవ్వలేదు. వేగం పెంచలేనప్పుడు బరువు పెంచడమొక్కటే దారి. అయితే మందపాటి చర్మం, పెద్ద ఎముకలు ఉన్న జంతువుకి మెత్తటి సీసం తగిలితే పైపైనే అప్పచ్చిలా చదునైపోతుంది. అందుకని పెద్దజంతువుల వేటగాళ్ళు సీసంలో కొంచెం తగరం కలిపి గట్టిపరిచేవారు. బ్రిటిష్ సైన్యం 1871లో తీసుకున్న మార్టినీ హెన్రీ రైఫిల్ గుండులో కూడా పన్నెండు పాళ్ళు సీసానికి ఒక పాలు తగరం ఉండేది. ఆ గుండు బరువు 31 గ్రాములు. ఈ జాతి తుపాకులు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మస్కట్ రేవుకి ఓడలకొద్దీ దిగాయి. ఇక్కడినుంచి మక్రాన్ తీరం మీదుగా అఫ్ఘాన్ సరిహద్దులకి చేరేవి. బ్రిటిష్ ఓడలు కాపలా కాసినా ఆగలేదు. 1912లో సుల్తాన్ ఫైసల్ ఆయుధాలన్నీ ఒకే ప్రభుత్వ గిడ్డంగి ద్వారా పోవాలన్న ఏర్పాటు చేశాకే ఆ వ్యాపారం అణిగింది.

కళాయివాడి విద్య

ఇంతకీ ఇంట్లో గుండు ఎలా పోస్తారు? మా మేనల్లుడు ఫోనులో చెప్పింది వింటూంటే నాకు చిన్నప్పటి కళాయివాడు కళ్ళకు కట్టాడు. వీధి చివర బొగ్గుల గుంట, తోలుతిత్తి, ఇత్తడి గిన్నె, తగరం, నవసాగరం. నవసాగరం చల్లగానే గుప్పున తెల్లటి పొగ వచ్చేది, గిన్నె లోపల వెండిలా మెరిసేది. ఆ నవసాగరం పని లోహంమీద పట్టిన మురికిని విడదీయడం.

సీసం కరిగించినప్పుడూ అంతే. కరిగిన సీసం మీద గాలి తగిలి బూడిదరంగు తెట్టు కడుతుంది. అందులో కాస్త మైనం వేసి కలిపితే, తెట్టులో చిక్కుకున్న తగరం తిరిగి లోహంలో కలుస్తుంది, మష్టు పైకి తేలుతుంది. ఆ మష్టుని గరిటెతో తీసేస్తారు. తరువాత అచ్చులో పోస్తారు. అచ్చు చల్లగా ఉంటే గుండు వృద్ధుడి చర్మంలా ముడతలు పడుతుంది. మరీ వేడెక్కితే మంచు పట్టినట్టు తెల్లగా మసకబారుతుంది. నిండిన కొద్ది క్షణాలకి గడ్డకడుతుంది. పైన మిగిలిన తోకని కోసి, అచ్చు విప్పి, మెత్తటి గుడ్డమీద పడేస్తారు. మొదటి పది పదిహేను గుండ్లూ మన మొదటి దోసెలాగే. మళ్ళీ కుండలోకే.

సీసానికి తగరం ప్రవాహాన్నిస్తుంది, ఆంటిమొని గట్టిదనాన్నిస్తుంది. ఈ మూడూ కలిసిన మిశ్రమం పేరు వింటే సాహిత్యాభిమానులు ఉలిక్కిపడతారు. అచ్చుయంత్రాల అక్షరాలు పోసినది దీనితోనే. లైనోటైపు లోహంలో నూటికి 84 పాళ్ళు సీసం, 12 పాళ్ళు ఆంటిమొని, 4 పాళ్ళు తగరం. మన పాత తెలుగు పత్రికలన్నీ సీసపు అక్షరాలతో అచ్చయినవే. ప్రెస్సులు కంప్యూటర్లకి మారినప్పుడు అమెరికాలో వేటగాళ్ళు ఆ పాత అక్షరాల లోహాన్ని కొనుక్కుని గుండ్లు పోసుకున్నారు. అక్షరం తుపాకిగుండు కావడం ఏ కవి ఊహించాడో గాని, లోహశాస్త్రం ప్రకారం మాత్రం ఇది నిజం.

ఈ పనిలో కంటికి కనిపించే ప్రమాదం నీళ్ళు. కరిగిన సీసంలో ఒక్క నీటిబొట్టు పడి లోపలికి పోయిందంటే చాలు. అది ఒక్కసారిగా ఆవిరై వెయ్యి రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, కుండలోని సీసం మొహంమీదకి లేస్తుంది. కంటికి కనిపించని ప్రమాదం వేరే ఉంది. దాని దగ్గరకే వస్తున్నాను.

పెట్టెల్లో వచ్చిన తూటా

1880లలో రెండు మార్పులు వచ్చాయి. ఫ్రాన్సులో పొగరాని మందు తయారైంది, స్విట్జర్లాండులో గుండుకి రాగి తొడుగు వేయడం మొదలైంది. కొత్త మందు ఇచ్చే వేగానికి ఉత్తి సీసం తట్టుకోలేదు, గొట్టంలోనే అరిగి అంటుకుపోతుంది. అందుకని తొడుగు తప్పనిసరి అయింది. రాగి తొడుగు ఇంటిపొయ్యి మీద చేసేది కాదు. అంతవరకూ ఇంటివిద్యగా ఉన్న గుండు అక్కడినుంచి ఫాక్టరీ సరుకయింది. పెట్టెల్లో వచ్చింది. డబ్బుంటే ఎన్నయినా దొరుకుతాయి. మూతినుంచి దట్టించే పనిలేదు, ఒకదాని వెంట ఒకటి పేల్చవచ్చు. గురి వందగజాలనుంచి అనేక వందల గజాలకి పెరిగింది.

అరేబియాలో దీనికి రెండో తోడు దొరికింది, మోటారు బండి. ఈ రెండూ కలిసినప్పుడు ఏం జరిగిందో చెప్పడానికి ఒమాన్ కంటే మంచి ఉదాహరణ లేదు.

తెల్ల జింక

ఒమాన్‌లో మనం 'అల్ మహా' అన్న పేరున్న బంకుల్లో పెట్రోలు పోయించుకుంటాం. మహా అంటే మన సంస్కృతం మహా కాదు. అరేబియా ఓరిక్స్ అనే ఎడారి జింక. ఒళ్ళంతా తెలుపు, కాళ్ళు నలుపు, కత్తుల్లాంటి రెండు నిటారు కొమ్ములు. పక్కనుంచి చూస్తే రెండు కొమ్ములూ ఒకటిగా కనిపిస్తాయి. ఒంటికొమ్ము గుర్రం కథలకి ఇదే మూలం అనేవాళ్ళున్నారు. నెలల తరబడి నీళ్ళు తాగకుండా, గడ్డి మీద పడిన మంచు తడితోనే బతకగలదు.

మస్కట్ నుంచి సలాలా వెళ్ళే దారిలో హైమా అన్న ఊరు వస్తుంది. పేరు వినగానే మన హైమవతులు గుర్తొస్తారు. ఖరీఫ్ రోజుల్లో సలాలాకి కారులో వెళ్ళే తెలుగు కుటుంబాలు తప్పకుండా అక్కడ ఆగుతాయి. ఆ చుట్టుపక్కల ఉన్న రాతిమైదానమే జిద్దత్ అల్ హరాసీస్. అక్కడ హరాసీస్ తెగవాళ్ళు ఒంటెలనీ మేకలనీ మేపుకుంటూ, హర్సూసీ అనే తమ సొంత భాష మాట్లాడుకుంటూ బతికారు. ఆ భాషకి లిపి లేదు. వాళ్ళు నీళ్ళకంటే ఎక్కువగా పాలమీద బతికిన రోజులున్నాయి.

ఒత్తి తుపాకి ఉన్నన్నాళ్ళూ మహా బతికింది. వేటగాళ్ళు దయగలవాళ్ళు అయినందువల్ల కాదు. తెల్లటి ఒంటితో ఎంతో దూరంనుంచి కనబడే ఆ జంతువుకి వేటగాడు కూడా అంతే దూరంనుంచి కనబడతాడు. ఒంటెమీద వెంటాడి, పాకి, ఒక్క గుండుతో పడగొట్టడం అసాధ్యమంత కష్టం. అందుకే మహాని కొట్టినవాడికి అంత పేరు. మోటారు బండి వచ్చాక ఆ తెల్లటి ఒళ్ళే దానికి శాపమైంది. చదునైన మైదానంలో బండి పరిగెత్తుతుంది. పెట్టెలో తూటాలుంటాయి. ఇక పేరేముంది? ఉత్తర అరేబియాలో ముందుగా మాయమైంది. 1961లో మోటారు బండ్లమీద వచ్చిన ఒక బృందం దక్షిణాన మిగిలిన గుంపుల్ని పెద్ద ఎత్తున చంపింది. 1972 అక్టోబరులో, జిద్దత్ అల్ హరాసీస్‌లో, బయటినుంచి బండ్లమీద వచ్చినవాళ్ళు చివరి గుంపుని కూడా కాల్చేశారు. ప్రపంచంలో ఎక్కడా స్వేచ్ఛగా తిరిగే మహా మిగల్లేదు.

హరాసీస్ తెగవాళ్ళకి ఇది దొంగలు ఇంట్లో పడి దోచుకుపోయినట్టే.

తిరిగి వచ్చింది, మళ్ళీ పోయింది

కథ అక్కడితో అయిపోలేదు. పదేళ్ళ ముందే, 1962లో, ఈ ముప్పు పసిగట్టిన ఫానా ప్రిజర్వేషన్ సొసైటీ అనే బ్రిటిష్ సంస్థ మేజర్ ఇయాన్ గ్రిమ్‌వుడ్ నాయకత్వంలో ఒక యాత్ర పంపింది. ఒమాన్ సరిహద్దుకి దగ్గరగా, అప్పటి ఏడెన్ రక్షిత ప్రాంతంలో వాళ్ళకి దొరికినవి నాలుగు. అందులో ఒకటి చనిపోయింది. మిగిలిన మూడింటికి లండన్, కువైట్, రియాద్‌లనుంచి వచ్చినవి కలిపి తొమ్మిది జంతువులతో అమెరికాలో ఫీనిక్స్ జంతుప్రదర్శనశాలలో 'ప్రపంచ మంద' తయారైంది. అరేబియా ఎడారి జంతువుకి అరిజోనా ఎడారి పుట్టిల్లయింది. దీనికి డబ్బు సాయం చేసినవాళ్ళలో షికార్ సఫారీ క్లబ్ ఒకటి. పేరులోనే ఉంది, అది వేటగాళ్ళ సంఘం. వేటగాళ్ళందరినీ ఒకే గాటన కట్టకూడదని చెప్పడానికే ఈ సంగతి రాస్తున్నాను.

దివంగత సుల్తాన్ కాబూస్ చొరవతో 1980లో మహాలు ఒమాన్‌కి తిరిగి వచ్చాయి. 1982 జనవరి 31న యాలూని దగ్గర పదింటిని ఆవరణనుంచి ఎడారిలోకి వదిలారు. కాపలాకి హరాసీస్ తెగవాళ్ళనే పెట్టారు. మంద పెరిగింది. 1994లో యునెస్కో ఆ అభయారణ్యాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. 1996 నాటికి సంఖ్య నాలుగువందలు దాటింది.

అప్పుడు మళ్ళీ దొంగలు పడ్డారు. ఈసారి చంపడానికి కాదు, బతికుండగా పట్టుకుని డబ్బున్నవాళ్ళ సొంత జంతుశాలలకి అమ్మడానికి. తుపాకిగుండు లేకుండానే మంద కరిగిపోయింది. 2007 నాటికి 65 మిగిలాయి. ఆ ఏడాదే చమురు అన్వేషణ కోసం అభయారణ్యం విస్తీర్ణాన్ని నూటికి తొంభై పాళ్ళు కుదించారు. 2007 జూన్‌లో యునెస్కో దాన్ని తన జాబితానుంచి తీసేసింది. అలా జాబితాలోంచి ఒక స్థలాన్ని తీసేయడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఈనాడు అల్ వుస్తా వన్యప్రాణి కేంద్రంలో కంచె లోపల వందల సంఖ్యలో మహాలున్నాయి. అరేబియాలో ఇతర చోట్ల కూడా తిరిగి వదలడంతో 2011లో ప్రపంచ ప్రకృతి సంరక్షణ సంఘం ఈ జంతువుని 'అంతరించే ప్రమాదంలో ఉన్నవి' అనే జాబితానుంచి ఒక మెట్టు కిందకి దింపింది. అడవి జంతువుల్ని వేటాడితే ఒమాన్‌లో 2003 నాటి చట్టం కింద జైలూ జరిమానా ఉన్నాయి.

కాబట్టి మేనల్లుడి మొదటి ప్రశ్నకి జవాబు ఇదీ: ఒకప్పుడు వేటాడేవారు. ఇప్పుడు వేటాడకూడదు. మనబోటివాళ్ళు ఆ పేరు కూడా ఎత్తకూడదు.

నాలుగవ గుణం

ఇక వాడు అడగని ప్రశ్న. సీసపు నాలుగవ గుణం విషం.

గుండు పోసేటప్పుడు వచ్చే పొగ గురించి అందరూ భయపడతారు. నిజానికి 350, 400 డిగ్రీల దగ్గర సీసపు ఆవిరి తక్కువే. అసలు ప్రమాదం ఆ తీసేసిన మష్టులో, పొడిలో ఉంది. అది చేతులకి అంటుతుంది. చొక్కాకి, చెప్పులకి అంటుతుంది. గరాజునుంచి వంటింట్లోకి నడిచి వస్తుంది. నేలమీద పాకే పిల్లలు అరచేయి నోట్లో పెట్టుకుంటారు. మింగిన సీసంలో పెద్దవాళ్ళ ఒంట్లో ఇంకేదానికంటే పిల్లల ఒంట్లో ఇంకేది నాలుగైదు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హాని చేయని మోతాదు అంటూ ఏదీ తెలియదని కూడా చెబుతోంది. అది మెదడు ఎదుగుదలని దెబ్బతీస్తుంది. ఎముకల్లో చేరి ఏళ్ళ తరబడి దాక్కుంటుంది. తల్లి ఎముకల్లోంచి కడుపులో బిడ్డకి చేరుతుంది. పాత కారు బాటరీలు కరిగించడం మరీ ఘోరం. వాటిలోని ఆర్సెనిక్‌వల్ల ప్రాణాంతకమైన వాయువు వెలువడవచ్చు.

వండుకున్న మాంసంలోకి కూడా సీసం వస్తుంది. మెత్తటి గుండు విచ్చుకుంటుందని చెప్పానే, విచ్చుకునేటప్పుడు కంటికి కనబడని తునకలు గాయం చుట్టూ జానెడు దూరం వరకూ చిమ్ముతాయి. 2008లో అమెరికాలోని నార్త్ డకోటాలో 738 మంది రక్తం పరీక్షించినప్పుడు, వేటమాంసం తినేవాళ్ళలో సీసం మిగతావాళ్ళకంటే ఎక్కువగా కనిపించింది. వేటగాళ్ళు వదిలేసిన పేగులు తిని కాలిఫోర్నియా కాండర్ అనే పెద్ద రాబందులు చచ్చిపోయాయి. 1987 నాటికి ఆ జాతి మొత్తానికి మిగిలినవి 27. మహాలాగే వాటిని కూడా పట్టి, పెంచి, మళ్ళీ వదిలారు. కాలిఫోర్నియా రాష్ట్రం 2019 జులై 1 నుంచి వేటలో సీసపు గుండ్లని పూర్తిగా నిషేధించింది. ఇప్పుడు అక్కడ సీసం లేని గుండ్లే వాడాలి.

ఇదంతా మేనల్లుడికి పెద్ద ఉత్తరంగా రాశాను. "ముందు పాపకి రక్తపరీక్ష చేయించు, తరవాత నాతో వాదించు" అని చివర్లో చేర్చాను. వాడికి కోపం వచ్చింది. రెండు వారాలు ఫోను చేయలేదు. తరువాత వాడి భార్య చేసింది. పరీక్షలో అయిదు వచ్చిందట. అమెరికా ఆరోగ్యశాఖ 2021 నుంచి డెసిలీటరు రక్తంలో 3.5 మైక్రోగ్రాములని హెచ్చరిక గీతగా పెట్టుకుంది. "కంగారు పడకండి, కానీ ఇంట్లో సీసం ఎక్కడినుంచి వస్తోందో వెతకండి" అన్నాడట డాక్టరు. వెతకడానికి వాళ్ళకి ఎక్కువ దూరం వెళ్ళక్కరలేకపోయింది.

కుండ, అచ్చు, మిగిలిన సీసం అన్నీ ప్రమాదకరమైన చెత్త తీసుకునే కేంద్రానికి పోయాయి. గరాజు తడిగుడ్డతో తుడిచారు. చీపురుతో ఊడిస్తే పొడి లేస్తుంది కనుక తడిగుడ్డే. నాలుగు నెలల తరువాత పాప సంఖ్య మూడుకి దిగింది. వాడు వేట మానలేదు. మానమని నేను అడగనూ లేదు. ఇప్పుడు రాగి గుండ్లు కొనుక్కుంటున్నాడు, ఖరీదు ఎక్కువట. "ఖరీదు కాబట్టి ఊరికే కాల్చడం తగ్గింది మామయ్యా. ఒక్కటి కాల్చేముందు పదిసార్లు ఆలోచిస్తున్నాను" అన్నాడు నవ్వుతూ.

నాకు నిజ్వా ముసలాయన సొరుగులోని కజ్జికాయ అచ్చు గుర్తొచ్చింది. పదిహేను గుండ్లు పోసుకుని ఎడారిలోకి వెళ్ళినవాడు కూడా అలాగే ఆలోచించి ఉంటాడు. అతన్ని ఆపింది శ్రమ, మావాణ్ణి ఆపింది ఖరీదు. ఈ రెండూ అడ్డులేని రోజున 1972 వచ్చింది. అలాంటి రోజు మళ్ళీ రాకుండా ఆపవలసింది చట్టం, అంతకంటే ముందు ఇంట్లో పెద్దవాళ్ళు పిల్లలకి చెప్పే మాట.

ఈసారి సలాలా వెళ్ళేటప్పుడు హైమా దగ్గర పెట్రోలు పోయించుకుంటూ, బంకు పేరుకి అర్థం ఏమిటో పిల్లలకి చెప్పండి.